కోట్స్ మధ్య ఉన్న మాట

ఆఫీసులో ఆమెను అందరూ టైపమ్మ అంటారు. ఆమె చేసేది టైపు పని కాదు. తల్లి బతికున్నన్నాళ్లూ ఇరుగుపొరుగు వాళ్లకి "మా చిన్నది టైపు కొట్టే ఆఫీసులో చేస్తోంది" అనే చెప్పుకుంది, ఎన్నిసార్లు సరిదిద్దినా వినిపించుకోలేదు. అసలు సంగతేమిటంటే, వెబ్ పేజీలకు కోడు రాయడం ఆమె ఉద్యోగం. తోటివాళ్లు ఏ కోడు తెచ్చి ముందు పెట్టినా, బాగుందనో బాగులేదనో అనకముందే "ఇది ఏ టైపు?" అని అడుగుతుంది. అడిగి అడిగి అందరి ప్రాణాలూ తోడేసింది కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది.

ఆ ప్రశ్న ఊరికే అడిగేది కాదు. కంప్యూటరు చేతికి ఏది అందించినా దానికో జాతి ఉంటుంది. అంకె అయితే నంబర్. రెండు కోట్స్, అదే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టినది ఏదైనా స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరస. అవునా కాదా అని తేల్చేది బూలియన్, దానికి ట్రూ, ఫాల్స్ అని రెండే విలువలు. ఇంతే కదా అనిపిస్తుంది. ఇంతే కదా అనుకున్నవాళ్లే బోల్తా పడతారని ఆమె కొత్తగా చేరినవాళ్లందరికీ చెవినిల్లు కట్టుకుని చెప్పేది.

ఈ పాఠం ఆఫీసు బయట విన్న మనిషి ఒక్కడే, వాళ్ల బావ. అక్కా బావలతోనే ఆమె ఉండేది. అక్క ఇంట్లో కుట్టుపని చేస్తుంది. బావ మందుల వ్యాను నడిపేవాడు. కింద గోడౌనులో పెట్టెలు ఎక్కించుకుని కొండ మీది ఊళ్లలో మందుల షాపులకు చేరవేసి, ఆ సాయంత్రానికో మర్నాటికో దిగి వచ్చేవాడు. మరదల్ని చూస్తే ఆయన నోరు ఊరుకోదు. "టైపిస్టుగారూ, ఇవాళ ఎన్ని పేజీలు కొట్టారు?" అని అన్నం దగ్గర మొదలుపెట్టేవాడు. ఒక సెలవు రోజున, ఏం తోచకో ఏమో, నీ పనేమిటో నాకూ చెప్పమని కూర్చున్నాడు. 

కోట్స్‌లో ఉన్న ఒకటికి ఇంకో ఒకటి కలిపితే పదకొండు అవుతుందని ఆమె చెబితే పడీపడీ నవ్వాడు. తన వ్యాను మైలేజీ కూడా కోట్స్‌లో పెట్టించమన్నాడు. మరి ఏమీ లేకపోతే ఏ టైపు అని అడిగాడు. ఏమీ లేకపోవడం కూడా రెండు రకాలని ఆమె చెప్పింది. ఖాళీ అని ఎవరో కావాలని రాసిపెడితే నల్. అసలు ఎవరూ ఆ ఊసే ఎత్తకపోతే అన్‌డిఫైన్డ్. బావ కాసేపు తల గోక్కుని, "ఎక్కడికెళ్లావని మీ అక్క అడిగితే నేను నీళ్లు నములుతాను చూడు, అది నల్. అడక్కముందు ఉన్నది అన్‌డిఫైన్డ్. అంతేనా?" అన్నాడు. అంతేనని ఆమె ఒప్పుకుంది. కుట్టు మిషను దగ్గరి నుంచి అక్క, ఈసారి నల్ అంటే వీపు విమానం మోత మోగుతుందని హెచ్చరించింది.

చివరికి ఆమె అన్నిటికన్నా ప్రమాదమైన సంగతి చెప్పింది. అవునా కాదా అని అడిగిన చోట కోట్స్ మధ్య ఏ మాట కనిపించినా కంప్యూటరు అవుననే అనుకుంటుంది. లోపల 'కాదు' అని రాసి ఉన్నా సరే. చదవదా అని బావ అడిగాడు. చదవదు, ఏదో ఒకటి రాసి ఉందా లేదా అన్నదే చూస్తుందంది. "అచ్చం మా ఓనరే" అన్నాడు బావ. "లీవు చీటీలో ఏం రాశానో చూడడు. చీటీ ఉందా లేదా, అంతే."

ఆ మాట మీద ముగ్గురూ నవ్వుకున్నారు. అప్పటికి అది నవ్వుకునే విషయమే.

వానలు పట్టుకున్నాయి. వదలకుండా కురిసి కురిసి, ఒక మధ్యాహ్నం కొండరోడ్డు మీద చరియలు విరిగిపడ్డాయి. బస్సులు, కార్లు, సరుకుల బళ్లు ఎక్కడివక్కడ చిక్కుకున్నాయి. కొన్ని మట్టి కింద పడ్డాయి. ఫోను టవర్లు కూలిపోయాయి. మనుషులు చెల్లాచెదురై ఏ బడిలోనో ఏ కల్యాణమండపంలోనో తలదాచుకున్నారు. బావ ఆ పొద్దున్నే పెట్టెలు ఎక్కించుకుని కొండెక్కాడు. ఆయన ఫోను మోగడం లేదు. మోగడం లేదంటే అసలు కలవడమే లేదు.

సహాయ కార్యాలయం వాళ్లు ఆమె పనిచేసే కంపెనీకి ఒక పని అప్పజెప్పారు. శిబిరాల నుంచి పేర్లు వస్తాయి, బంధువులు పేరు కొట్టి వెతుక్కునేలా ఒక పేజీ వెంటనే కావాలన్నారు. ఎవరూ అడగకుండానే ఆమె నేను చేస్తానని ముందుకొచ్చింది. పక్కసీటావిడ, నువ్వు ఈ పరిస్థితిలో ఎందుకులే, ఇంటికి వెళ్లి అక్క దగ్గర ఉండు అని నచ్చజెప్పబోయింది. ఇంటికి వెళ్లి ఆమె ఏం చేస్తుంది? అక్క ముఖం ఈమె, ఈమె ముఖం అక్క చూసుకుంటూ కూర్చోవడం తప్ప. ఇక్కడైతే చేతులకు పని ఉంటుంది. పేర్లు వచ్చే దారిలో తనే కాపలా ఉన్నట్టు కూడా అనిపించింది.

పేజీ చిన్నదే. క్షేమం అన్న చోట ట్రూ ఉంటే ఆ పేరు పక్కన పచ్చరంగులో 'క్షేమంగా ఉన్నారు' అని పడుతుంది. నల్ ఉంటే 'సమాచారం కోసం ప్రయత్నిస్తున్నాం' అని వస్తుంది. పేరే లేకపోతే 'వివరాలు లేవు'. ఇక ఫాల్స్ ఉంటే మనిషి పోయినట్టు. ఆ కబురు తెరమీద చూసి తెలుసుకోవలసిన గతి ఎవరికీ పట్టకూడదని కార్యాలయం వాళ్లే చెప్పారు. అందుకని ఆ పేర్లు బయటికి 'మీకు ఫోను వస్తుంది' అని మాత్రమే చూపించి, లోపల కార్యాలయంలో ఒకావిడ ముందు ఎర్రగా కనపడతాయి. ఆవిడ ఒక్కొక్క ఇంటికీ ఫోను చేసి మెల్లగా చెబుతుంది. మనసున్న ఏర్పాటే.

పేజీ తెరిచిన రోజున ఆమె మొదట కొట్టినది బావ పేరే. 'వివరాలు లేవు' అని వచ్చింది. అన్‌డిఫైన్డ్. ఆయన గురించి ఇంతవరకూ ఎవరూ ఊసే ఎత్తలేదన్నమాట. అక్క కార్యాలయానికి వెళ్లి పేరు, ఫోను నంబరు, వ్యాను నంబరు రాయించి వచ్చాక అది నల్ అయింది. 'సమాచారం కోసం ప్రయత్నిస్తున్నాం'. అక్క ఆ ఒక్క వాక్యాన్నే పదే పదే తెరిచి చూసుకునేది. కనీసం పేరైనా ఎక్కింది, ఎవరో ఒకరు వెతుకుతున్నారు కదా అనేది. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి అలాగే వదిలేసింది. ముద్ద గొంతు దిగేది కాదు, కంటిమీద కునుకు ఉండేది కాదు.

శిబిరాల నుంచి పేర్లు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతి జాబితాలోనూ ఆమె ముందు బావను వెతికేది, లేడని తెలిశాక మిగతా పని చూసేది. ఇలా చేయడం తప్పని ఆమెకు తెలుసు. తెలిసినా చెయ్యి ముందు అటే పోయేది.

ఒక సాయంకాలం కొండ కింది ఆసుపత్రి నుంచి పేర్లు వచ్చాయి. శిబిరాల వాళ్లు ఈమె తయారుచేసిన పేజీలోనే వివరాలు నింపేవాళ్లు, కాబట్టి ట్రూలు ట్రూలుగా, ఫాల్సులు ఫాల్సులుగా వచ్చేవి. ఆసుపత్రిలో ఆ వీలు లేక అక్కడి గుమాస్తా తన కంప్యూటరులో వేరే షీటు తయారుచేసి పంపించాడు. అందరూ ఇంటికి బయలుదేరే వేళ అది. ఆమె షీటును ఎక్కించేసి, లోపల ఏముందో చూడకుండా, మామూలు జనంలాగే పేజీ తెరిచి బావ పేరు కొట్టింది.

పచ్చగా వచ్చింది. క్షేమంగా ఉన్నారు. కొండ కింది ఆసుపత్రి.

ఆమె కుర్చీలోంచి లేచింది, మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. పక్కసీటావిడ వచ్చి చూసి ఆమెను కావలించుకుంది. పెద్దసారు గదిలోంచి బయటికొచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నావేం, ముందు ఇంటికి ఫోను చెయ్యమ్మా అన్నాడు. ఫోనులో అక్క ఏడుస్తూ, "నిజమేనా? నువ్వు చూశావా? నీ కళ్లతో చూశావా?" అని అడిగింది. "చూశానక్కా" అంది ఈమె. చూసింది మరి. తను రాసిన పేజీని తనే చూసి నమ్మింది. ఎవరేం తెచ్చినా ఇది ఏ టైపని నిలదీసే మనిషి, ఆ ఒక్కదాన్ని మాత్రం అడగలేదు. సంతోషం వచ్చి ఒళ్లో వాలితే దాన్ని లేపి నువ్వెవరని ఎవరు అడుగుతారు?

ఆసుపత్రి ఫోను ఎప్పుడు చేసినా ఎంగేజే వచ్చింది. అందరూ చేస్తున్నారు, అలాగే ఉంటుందనుకున్నారు. ఆసుపత్రి దాకా వెళ్లే రోడ్డు మర్నాడు మధ్యాహ్నానికి తెరుస్తారట. తెరవగానే వెళ్లి తీసుకొచ్చేద్దాం, ఏ కాలో చెయ్యో విరిగి ఉంటుంది, అంతకుమించి ఏమీ అయి ఉండదు అని అక్క తనే ధైర్యం చెప్పుకుంది. ఆ పూట ఇద్దరూ ఆకలి తెలిసి తిన్నారు. బావ తిరిగొచ్చాక ఆయన్ని ఎలా ఏడిపించాలో అని చెల్లెలు అంటే అక్క నవ్వింది కూడా. చాలా రోజుల తర్వాత ఇంట్లో దీపం పెందలాడే ఆరింది.

మర్నాడు పొద్దున్న ఆఫీసులో ఫోను మోగింది. పక్కసీటావిడ తీసి, రెండు మాటలు విని, ముఖం అదోలా పెట్టి ఈమె చేతికిచ్చింది. పేజీలో ఏదో తేడా ఉందంటున్నారు, నువ్వే మాట్లాడంది.

అవతల ఒక ముసలాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అమ్మా, మీ పేజీలో మా వాడు క్షేమంగా ఉన్నాడని వచ్చింది. నేను ఈ ఊళ్లోనే ఉంటాను కాబట్టి తెల్లారకుండానే నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చాను. వార్డులన్నీ తిరిగాను. ప్రతి మంచం దగ్గరా ఆగి ముఖం చూశాను. చివరికి ఒక నర్సమ్మ నన్ను వెనకాల ఇంకో గదికి తీసుకెళ్లింది."

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఆ పచ్చరంగు తీసేయండమ్మా" అన్నాడు ఆయన. "రోడ్డు తెరిస్తే ఇంకా చాలామంది వస్తారు. నాలాగే మంచాలన్నీ వెతుక్కుంటారు."

క్షమించండని అయినా చెప్పిందో లేదో ఆమెకు తర్వాత గుర్తు లేదు. ఫోను పెట్టేసి ఆసుపత్రి షీటు తెరిచింది. ఈసారి పేజీలో కాదు, లోపల ఉన్నది ఉన్నట్టుగా. మొదటి వరసలోనే తెలిసిపోయింది. అన్నిటికీ కోట్స్ ఉన్నాయి. పేరుకీ కోట్సే, వయసుకీ కోట్సే, క్షేమం అన్న చోట ఉన్న మాటకీ అటొకటి ఇటొకటి కోట్సే. గుమాస్తా పంపిన షీటులో విలువలన్నీ ఉత్త అక్షరాలుగా మారి వచ్చాయి. ట్రూ ట్రూ కాదు, ట్రూ అన్న మాట. ఫాల్స్ ఫాల్స్ కాదు, ఫాల్స్ అన్న మాట. మాట ఏదైనా కంప్యూటరుకు అవుననే అర్థం. బతికున్నవాళ్లనీ పోయినవాళ్లనీ అందరినీ కలిపి అది పచ్చరంగులో క్షేమమని చూపించింది. ఎర్రగా కనపడవలసిన పేర్లు కనపడకపోవడంతో కార్యాలయంలో ఆవిడ ఎవరికీ ఫోను చేయలేదు. ఆసుపత్రి నుంచి పోయినవాళ్లెవరూ లేరని పాపం ఆవిడ సంతోషించి కూడా ఉంటుంది.

షీటులో ట్రూ అన్న మాటలు కూడా ఉన్నాయి. నిజానికి అవే ఎక్కువ. కాబట్టి బావ వరసలో ఏముందో చూసేదాకా ఏమీ తేలదు. పేరు కింద ఎక్కడో ఉంది. ఆమె చూపుడువేలు మౌసు చక్రం మీద ఉంచి, తిప్పకుండా అలాగే కూర్చుంది. తిప్పనంతసేపూ ఆయన ఎటైనా కావచ్చు. పక్కసీటావిడ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

తిప్పింది. బావ పేరు. వయసు. వ్యాను డ్రైవరు. క్షేమం అన్న చోట, రెండు కోట్స్ మధ్య, ఫాల్స్.

నల్ అయినా బాగుండేది అనుకుంది. అన్‌డిఫైన్డ్ అయినా సరే, ఎవరికీ ఏమీ తెలియకపోయినా సరే, మొదటి రోజు అంత ఏడిపించిన ఆ 'వివరాలు లేవు' అన్న వాక్యం ఇప్పుడు కనిపిస్తే కళ్లకద్దుకునేది.

గుమాస్తా పొరపడి ఉండవచ్చని ఆశ. ఆయన సొంత నంబరు షీటు చివర ఉంటే చేసింది. ఆ కాలమ్‌లో ప్రాణంతో ఉన్నవాళ్లకి ట్రూ అనీ, లేనివాళ్లకి ఫాల్స్ అనీ వేయమన్నారు, అలాగే వేశానండి అన్నాడాయన. మందుల వ్యాను డ్రైవరు సంగతి అడిగింది. ఆయన, మీకేమవుతారండీ అని అడిగాడు. ఆమె చెప్పలేదు. జేబులో లైసెన్సు దొరికిందనీ, ఆ ఊళ్లోనే ఉండే గోడౌను మనిషొకాయన వచ్చి ముఖం చూసి గుర్తుపట్టాడనీ, పొరపాటేమీ లేదనీ ఆయన మెల్లగా చెప్పాడు. ఇంటివాళ్లకి కార్యాలయం నుంచి కబురు వెళ్లి ఉంటుందే అని కూడా అన్నాడు.

ఇక చెయ్యవలసింది చిన్న పని. కోట్స్‌లో ఉన్న మాటను చదివి, దాన్ని అసలైన ట్రూగానో ఫాల్సుగానో మార్చాలి. నిన్న ఎక్కించే ముందు రాసి ఉండవలసిన వాక్యమే. రాసింది, సరిచూసుకుంది. పేజీలో పెట్టడానికి ఒక్క నొక్కు నొక్కితే చాలు. ఆమె నొక్కలేదు. నొక్కితే అక్క ఫోనులో పచ్చరంగు పోతుంది. ముందు ఇంటికి వెళ్లి, అక్కను పట్టుకుని కూర్చోబెట్టి చెప్పి, ఆ తర్వాత నొక్కితే? బస్సు దొరకాలి, వీధులు దాటాలి. ఈలోగా ఆ వరసల్లో ఉన్న మిగతావాళ్ల భార్యలు, తల్లులు, అన్నదమ్ములు బట్టలు మార్చుకుని బయలుదేరుతుంటారు. మంచాలన్నీ వెతుక్కుంటారన్న ముసలాయన మాట చెవుల్లోనే ఉంది. వాళ్లందరి కన్నా మా అక్క ఎందుకు ఎక్కువ అని తనను తాను అడిగింది. ఎందుకంటే మా అక్క కాబట్టి అని జవాబు వచ్చింది. అది సరైన జవాబే, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని ఆగడానికి వీల్లేదు.

నొక్కింది.

వెంటనే కార్యాలయంలో ఉన్న ఆవిడకు ఫోను చేసింది. ఆవిడ ముందు తెర మీద ఎర్ర పేర్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి కాబోలు, ఇవేమిటమ్మా, ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారని గాభరాగా అడిగింది. తప్పు తనదేనని ఈమె చెప్పింది. ఎవరి మీదా నెట్టలేదు, షీటు మీద కూడా నెట్టలేదు. అందరికీ తొందరగా ఫోన్లు చేయండి, రోడ్డు తెరవకముందే చేయండి అంది. ఒక్క నంబరు మాత్రం చేయవద్దని, అది తనకు వదిలిపెట్టమని అక్క నంబరు చెప్పింది. సరేనని ఆవిడ ఆ నంబరును పక్కన పెట్టింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె చెప్పవలసిన మాటల్ని పేర్చుకుంది. ముందు ఏమనాలి, తర్వాత ఏమనాలి. ఏ మాట దగ్గర మొదలుపెట్టినా చివరికి అక్కడికే వస్తోంది. ఏడుపు రాలేదు. వస్తే ఇంటికి చేరేలోపు అయిపోయి ఉండేది. బావ పోయాడన్న దుఃఖాన్ని తన తప్పు వెనక్కి నెట్టేసింది. తీరిగ్గా ఏడవడానికి కూడా తనకు అర్హత లేదనిపించింది.

తలుపు తీసే ఉంది. అక్క తల దువ్వుకుని, శుభ్రమైన చీర కట్టుకుని, కుట్టు బల్ల మీద దుప్పటి పరిచి బావ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పక్కన సంచిలో తువ్వాలు, లుంగీ, పళ్లపొడి సర్ది ఉన్నాయి. ఒక చెయ్యి ఇస్త్రీ అయింది, రెండోది ఇంకా ముడతలుగానే ఉంది.

"వచ్చావా? మంచిపని చేశావు" అంది అక్క తలెత్తకుండానే. "రోడ్డు తెరుస్తున్నారట. ఇద్దరం వెళదాం. ఆ బట్టలతోనే ఉండి ఉంటాడు, మట్టి కొట్టుకుపోయి. నన్ను చూడగానే సంచి లాక్కుంటాడు చూడు."

"అక్కా, ఆ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టు."

అక్క తలెత్తి చూసింది. పక్కన పెట్టలేదు, పైకెత్తి పట్టుకుంది.

బస్సులో పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "పేజీలో తప్పు పడింది. తప్పు నాదే. బావ లేడక్కా" అంది.

అక్కకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం కూడా కాదు, అర్థం చేసుకోవడానికి ఒప్పుకోలేదు. ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, బల్ల మీది ఫోను తీసి చెల్లెలి ముందు పెట్టింది. పచ్చగానే ఉంది. నిన్న తెరిచిన పేజీ, మళ్లీ తెరవలేదు. పోతుందేమోనని తెరవలేదట.

"ఇదిగో. క్షేమంగా ఉన్నారని ఉంది. నువ్వే కదా చూశానన్నావు."

"అది నిన్నటిదక్కా. మళ్లీ తెరిస్తే ఉండదు."

జరిగింది చెప్పింది. ఆసుపత్రి షీటు గురించీ, కోట్స్ గురించీ, మాట ఏదైనా కంప్యూటరు అవుననుకోవడం గురించీ, గుమాస్తాతో మాట్లాడిన సంగతీ, గోడౌను మనిషి గుర్తుపట్టిన సంగతీ. చెబుతుంటే తనకే అదంతా సిగ్గుమాలిన సంజాయిషీలా వినిపించింది. అక్క ఫోనును బల్ల మీద బోర్లించింది.

"అయితే లోపల ఆయనకి ఏమని రాసి ఉంది?" అని అడిగింది.

"ఫాల్స్ అని."

"అంటే?"

"అబద్ధం అని."

"ఆయన అబద్ధమా?"

చెల్లెలు తడబడింది. "కాదక్కా. క్షేమం అన్నది అబద్ధం. బావ కాదు. బావ నిజమే" అంది. ఆ చివరి మాట అనగానే అంతసేపూ రాని ఏడుపు వచ్చింది. గోడకు ఆనుకుని అలాగే జారి కింద కూర్చుంది.

అక్క ఏడవలేదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, ఎవరితోనూ కానట్టు, "నిన్న హాయిగా నిద్రపోయాను" అంది. "ఆయన అక్కడ అలా ఉంటే, నేను కడుపునిండా తిని, నవ్వి, ఒళ్లు తెలియకుండా పడుకున్నాను."

అన్నిటికన్నా పెద్ద తప్పు అదేనని చెల్లెలికి అప్పుడు తెలిసింది. ఆశ పెట్టి లాక్కోవడం ఒక్కటే కాదు, అక్క ఏడవవలసిన పూట అక్కను నవ్వించింది. ఆ పూటను ఇక ఏ కోడూ సరిదిద్దలేదు.

"తిట్టక్కా" అంది.

"తిడతాను. ఇవాళ కాదు."

వీధిలో ఎవరో బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయారు. అక్క చీర కొంగుతో ముఖం తుడుచుకుంది, ముఖం తడిగా లేకపోయినా. సంచిలోంచి పళ్లపొడి డబ్బా తీసి పక్కన పెట్టింది. తువ్వాలు తీయలేదు. లుంగీ తీసి, మళ్లీ మడతపెట్టి లోపల పెట్టింది. చెల్లెలు లేచి వెళ్లి చెయ్యి పట్టుకుంది. వెళదాం పదక్కా, ఎవరినైనా తోడు పిలుస్తాను, ఇవన్నీ ఇప్పుడెందుకంది.

"ఉండు" అంది అక్క. "ఈ రెండో చెయ్యి కూడా అయిపోనీ. నలిగిన చొక్కాతో ఎలా పంపిస్తాను ఆయన్ని?"

అక్క ఇస్త్రీ పెట్టె చేతిలోకి తీసుకుంది. గుడ్డ కుదురుగా నిలవడం లేదు. చెల్లెలు బల్లకు అటువైపు వెళ్లి, చొక్కా చెయ్యి అంచును రెండు చేతులతో పట్టుకుని బిగించి లాగి ఉంచింది.